తన్నే తుపాకుల వెంట నాలుగు రోజులు

తుంగభద్రకు అవతల పాలమూరు పల్లెల్లో నేను తిరిగింది నాలుగు రోజులు. అక్కడ చూడదగ్గ కోటలున్నాయి, కట్టదగ్గ చీరలున్నాయి. తిరిగొచ్చాక మిత్రులు వాటి సంగతే అడిగారు. అడిగిన ప్రతివాడి మీదా చిరాకుపడ్డాను. నేను వెళ్ళింది మూడు తుపాకులను చూడటానికి. ఆ మూడూ నా చేతి మీదుగా వెళ్ళినవే.

ఇది ఎనభైల చివరి మాట. నేను వడ్రంగిని. పుట్టింది కృష్ణ సముద్రంలో కలిసేచోట, దివిసీమలో. పెళ్ళయ్యాక మామగారి ఊరు కర్నూలు చేరి అక్కడొక తుపాకుల దుకాణంలో పనికి కుదిరాను. పదకొండేళ్ళు చేశాను. తుపాకీ వెనక భుజానికి ఆన్చుకునే కట్టెను మా పనిలో కుందా అంటారు. విరిగిన కుందాలు అతకడం, కొత్తవి చెక్కడం నా పని. మా దగ్గర కొనేది ఎక్కువగా రైతులు. అడవిపందులు చేలమీద పడతాయి కాబట్టి పంట కాపలాకని లైసెన్సు తెచ్చుకుని ఒంటిగొట్టం తుపాకీ కొంటారు. పందుల్ని చంపడానికి కాదు, చప్పుడు చేసి తరమడానికి.

ఒక ఏడాది మా సేటుకు ఒక ఆలోచన వచ్చింది. తుపాకీ బరువని రైతులు వెనకాడుతున్నారట. పాత తుపాకులు మూడు తెచ్చి నా ముందు పెట్టి, "వీటిని పూలచెండు చెయ్యి" అన్నాడు. కుందాలు సన్నగా చెక్కాను, రెండేసి అంగుళాలు కురచ చేశాను, లోపల పొడుగునా తొలిచి గుల్ల చేశాను. మూడు కిలోలు దాటే తుపాకీ రెండుంబావుకు దిగింది. ఎత్తితే నిజంగానే పూలచెండులా ఉంది. మూడూ నెల తిరక్కుండా అమ్ముడుపోయాయి. మూడూ నది దాటి పాలమూరు వైపే పోయాయి.

తుపాకీ పేలినప్పుడు గుళ్ళు ముందుకు పోయినంత విసురుగా తుపాకీ వెనక్కి తంతుంది. బరువైన తుపాకీ ఆ తన్నును తానే మింగుతుంది. తేలికదానికి మింగే శక్తి లేదు, అంతా తెచ్చి మనిషి భుజం మీద పోస్తుంది. ఇందులో పెద్ద విద్యేమీ లేదు.

దసరా వెళ్ళిన వారానికి ఇటిక్యాల నుంచి ఒక కార్డు వచ్చింది. ఎవరో చదువుకున్నవారి చేత రాయించినట్టుంది. 'తుపాకి పేల్చినప్పుడు నా మెడ కింది ఎముక విరిగినది. తుపాకిలో లోపమా, నాలో లోపమా దయచేసి తెలుపగలరు' అని ఉంది. సేటు చదివి పడీపడీ నవ్వాడు. కార్డు నా మీదికి విసిరి, "నీలోనే లోపం అని రాసి పడెయ్యి" అన్నాడు.

రాయలేదు. కార్డు జేబులో పెట్టుకున్నాను. ఉలి, సుత్తి, రంపం, రెండు సీసం కడ్డీలు, లారీ ట్యూబు రబ్బరు ముక్కలు సంచిలో వేసుకుని నాలుగు రోజులు పనికి రానని చెప్పాను.

"పో, పోయి తప్పు మనదే అని ఒప్పుకునిరా. వచ్చి మళ్ళీ ఈ గడప తొక్కు, చూస్తా" అన్నాడు సేటు.

గద్వాల

పొద్దున్నే కర్నూలులో చిన్న రైలెక్కాను. తుంగభద్ర దాటగానే నల్లరేగడి, జొన్నచేలు, మధ్య మధ్య వేరుశనగ. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఉడకబెట్టిన కాయలు దోసెడు నా ఒళ్ళో పోసి, "బుడ్డలు తిను అన్నా, కడుపు సల్లగుంటది" అన్నాడు. ఈ వైపు వేరుశనగకాయలు బుడ్డలు. మా దివిలో బుడ్డి అంటే కిరసనాయిలు దీపం. ఆయన మాటకు నేను నవ్వకపోయేసరికి చిన్నబుచ్చుకున్నట్టున్నాడు. ఆ పూట నాకు నవ్వు వచ్చే స్థితి లేదు.

ఇటిక్యాల స్టేషన్‌లో రైలు ఆగింది. నేను దిగాల్సింది అక్కడే. సంచి ఒళ్ళో పెట్టుకుని తయారుగా కూర్చున్న మనిషిని, లేవలేదు. విరిగిన ఎముకతో ఒక మనిషి గుమ్మంలో కూర్చుని ఉంటాడు, అతనితో మొదటి మాట ఏమనాలి? ఆ ప్రశ్న తేలేలోపు రైలు కదిలింది. గద్వాల దాకా పోయి దిగాను. దారి పొడుగునా సేటును మనసులో తిట్టిన నోరు, దిగాల్సిన చోట మూతపడింది.

గద్వాలలో అరవై పైసల టీ తాగుతుంటే పక్కనున్న మనిషి నా చేతులకేసి చూసి, "కట్టె పనా?" అన్నాడు. పేరు వీరేశం, చీరలు నేస్తాడు. బస మాట అడిగితే ఇంటికే తీసుకుపోయాడు. ముందు గదిలో గుంటమగ్గం, దాని మీద సగం నేసిన చీర. ఒళ్ళంతా నూలు, అంచులు మాత్రం పట్టు. రెండు దారాలూ కలిసే గీత మీద వేలు పెట్టి చూశాను. అతుకు చేతికి తెలియలేదు. మంచి పనిని చూస్తే మామూలుగా నాకు సంతోషం కలుగుతుంది. ఆ రోజు కడుపు మండింది.

వీరేశం భార్య రాయచూరు వైపు మనిషి. లోపల్నుంచి వచ్చి, "ఊట అయ్యిందా?" అని అడిగింది. మాకు ఊట అంటే చెలమలో ఊరే నీళ్ళు. నేను తెల్లమొహం వేశాను. "అన్నం తిన్నవా అంటుంది" అని వీరేశం చెప్పాడు. జొన్నరొట్టె, పుంటికూర పెట్టారు. పుంటికూర అంటే మన గోంగూరే, కాకపోతే మనలా నూనెలో ముంచరు, పప్పులో ఎనుపుతారు.

తింటూ నా సంగతంతా చెప్పాను. సేటు దుర్మార్గం, వెటకారం, నవ్వు. వీరేశం చివరిదాకా విని, రొట్టె తుంచుతూ మెల్లగా అన్నాడు.

"మా చీర పట్నంల అమ్ముతరు. రంగు దిగితే అమ్మిన షావుకారు పేరు ఎవ్వరు చెప్పరు. గద్వాల చీర రంగు దిగిందంటరు. నేసినోని పేరు పోతది. జర ఆలోచించు అన్నా, నీ తుపాకి కట్టె మీద ఎవరి చెయ్యున్నది?"

నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. పెట్టిన అన్నం తింటూనే వచ్చింది.

ఇటిక్యాల

మర్నాడు పొద్దున బస్సులో వెనక్కి వచ్చాను. కార్డు రాయించిన మనిషి పేరు హన్మంతు. నలభై ఏళ్ళుంటాయి, ఐదెకరాల మెట్ట. ఇల్లడిగితే అరుగుల మీద కూర్చున్న వాళ్ళు, "తుపాకి తన్నిన హన్మంతేనా?" అని నవ్వారు. ఊరు అతనికి పేరు పెట్టేసింది.

కుడిచెయ్యి ఛాతీకి ఆన్చి వెదురుబద్దలతో, గుడ్డతో కట్టి ఉంది. మినపపిండి, గుడ్డుసొన పూసిన కట్టు, ఎండి పెచ్చులు లేస్తోంది. దుకాణం నుంచి వచ్చానని చెప్పగానే అతను లేవబోయాడు, నొప్పికి మొహం వంకరపోయింది. "లచ్చమ్మా, సారొచ్చిండు, మంచమెయ్" అని భార్యను పిలిచాడు.

"నన్ను సారూ అనకండి" అన్నాను.

"కార్డు రాసి మిమ్ముల పరేషాన్ చేసిన సారూ. కసూరు నాదే. గట్టిగ పట్టుకోలేకపోయిన. ఇంతకుముందెన్నడు తుపాకి ముట్టినోన్ని గాదు."

ఎముక విరిగినవాడు క్షమాపణ అడుగుతున్నాడు! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "కసూరు మీది కాదు, తుపాకీది. అది గుల్ల తుపాకీ" అన్నాను. లోపలున్న లచ్చమ్మ చేటలో బియ్యం అలాగే పట్టుకుని బయటికొచ్చింది. బక్కపలచని మనిషి, మెడ నరాలు తేలి ఉన్నాయి.

"నువ్వేం చేస్తవ్ ఆ దుకాణంల?" అంది.

"కట్టె పని."

"అంటే దీన్ని నువ్వే చేసినవా?"

"మా సేటు చెప్పాడమ్మా, చేశాను."

ఆమె చేట కింద పెట్టింది. లోపలికి పోయి తుపాకీ తెచ్చి నా కాళ్ళ దగ్గర ఆనించింది. తూటా ఒకటి నా చేతిలో పెట్టింది.

"సేటు చెప్తే చేస్తివి, మంచిది. గిప్పుడు నేను చెప్తున్న. పేల్చు."

"లచ్చీ, అట్లనొద్దు" అన్నాడు హన్మంతు.

"నువ్వు సప్పుడు చెయ్యకు. పదిరోజులాయె నువ్వు పడుకోక. పేల్చమను, చూస్త."

పదకొండేళ్ళలో నేను తుపాకీని భుజానికి పెట్టి పేల్చింది లేదు. దుకాణంలో పరీక్షకు బల్లకు బిగించి, తాడు కట్టి లాగుతాం. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఊరి బయట మట్టిదిబ్బ దగ్గరికి పోయాం. వెనక ఏడెనిమిది మంది వచ్చారు. అరుగు మీద నవ్వినవాళ్ళే.

కుందా కురచ కావడంతో చెంప ఆన్చగానే నా బొటనవేలు ముక్కుకు తగిలింది. అప్పుడే తెలిసింది, ఏమవబోతోందో. అయినా మీట నొక్కాను. భుజంలోకి ఎవరో సమ్మెట దించినట్టయింది. బొటనవేలి కణుపు ముక్కు మీద పడింది. తేరుకునేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను, చొక్కా మీద రక్తం. నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. లచ్చమ్మ కొంగు తడిపి ఇచ్చి, "గిప్పుడు తెల్సెనా?" అంది. ఆ గొంతులో గెలుపేమీ లేదు.

ఆ రోజంతా వాళ్ళ బర్రెల కొట్టం ముందు కూర్చుని పని చేశాను. ఇనుపగరిటెలో సీసం కరిగించి కుందాలోని గుల్లలో పోశాను. కోసేసిన రెండంగుళాలకు బదులు కట్టెముక్క అతికి, దాని మీద రబ్బరు బిగించాను. కిరాణా కొట్టు త్రాసులో తూస్తే మూడు కిలోల పైచిలుకు తూగింది. హన్మంతును కూర్చోబెట్టి చెప్పాను. ఎముక మీద పెట్టొద్దు, ఎముక కింద కండ గుంట పడే చోటుంది, అక్కడ పెట్టాలి. భయంతో తుపాకీని దూరంగా పట్టుకుంటే ఆ సందులోనే అది ఊపందుకుంటుంది, అందుకని ఒంటికి అదిమి పట్టాలి. ఎడమకాలు ముందుకేసి, ఒళ్ళు ముందుకు వాల్చాలి. నిటారుగా నిలబడితే పడేస్తుంది. తూటాలు తక్కువ మందున్నవే అడిగి కొనాలి, చప్పుడుకు అవి చాలు.

"గీ ముక్క అమ్మేటప్పుడే చెప్తే ఏం పోయె సారూ?" అన్నాడు హన్మంతు.

నేను పనిముట్లు సంచిలో వేయడం మొదలుపెట్టాను.

బయల్దేరేముందు లచ్చమ్మ, వడ్రంగిని అక్కడ పిలిచేటట్టు వడ్లాయనా అని పిలిచి, నన్ను చేను దాకా తీసుకుపోయింది. అతను మంచంలో ఉన్న పదిరోజుల్లో పందులు సగం వేరుశనగ చేను తవ్విపోశాయి. తీగలు తిరగబడి వేళ్ళు పైకి తేలి ఎండుతున్నాయి. "ఎముక అతుకుతది వడ్లాయనా, ఇది అతుకుతదా?" అంది. ఒక తీగ తీసి చూశాను, ఒక్క కాయ లేదు.

ఖిల్లా ఘణపూర్

మూడోనాడు బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి పెబ్బేరు మీదుగా వనపర్తి చేరాను. మా ఊళ్ళో కృష్ణ వెడల్పుగా, బద్ధకంగా, ఉప్పగా ఉంటుంది. ఇక్కడ బండల మధ్య ఒరుసుకుంటూ పోతోంది. ముక్కు వాచి ఉండటంతో బస్సులో అందరూ నన్నే చూశారు. వనపర్తి బస్టాండులో కానిస్టేబులు సంచి విప్పమని రంపం, సీసం చూసి, "ఎవన్తోటి కొట్లాడినవ్?" అన్నాడు. తుపాకీతో అన్నాను. నేను వేళాకోళం చేస్తున్నాననుకుని ఇంకో పావుగంట నిలబెట్టాడు. ఖిల్లా బస్సు వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చేదాకా మిర్చిబజ్జీలు తిన్నాను. రూపాయికి నాలుగు. ఇక్కడ బజ్జీలో వాము పెట్టరు, పైన పల్లీపొడి చల్లుతారు.

రెండో తుపాకీ కొన్నది మాణిక్యరావు అనే కాంట్రాక్టరు. కొండ కింద తోట, బావి, బంగళాపెంకుల ఇల్లు. ఆ రోజు ఆదివారం, పట్నం నుంచి చుట్టాలొచ్చారు. ఆయన నన్ను చూసి నిజంగానే సంతోషించాడు. "మా తుపాకి దుకాణపాయన! ముక్కుకేమైంది? కూసో, కూసో, బుక్కెడు తిను" అని చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెట్టాడు. నాటుకోడి కూర, సర్వపిండి. నేనేం పనిమీద వచ్చానో చెప్పనివ్వలేదు. చెడ్డవాడని ముందే తెలిస్తే ఆ ముద్ద దిగేది కాదు. మంచివాడిలాగే ఉన్నాడు.

భోజనాలయ్యాక, "బాలయ్యా, ఒకసారి పేల్చు, సార్లు చూస్తరు" అన్నాడు.

బాలయ్య తోట కాపలాదారు. యాభై అయిదు దాటి ఉంటాయి. భుజం మీద గొంగడి తీసి పక్కన పెట్టి, తుపాకీ తీసుకుని రాళ్ళగుట్ట వైపు తిరిగాడు. నిటారుగా, కాళ్ళు దగ్గరపెట్టి నిలబడ్డాడు. వద్దని నేను నోరు తెరిచేలోపే పేల్చాడు. రెండడుగులు వెనక్కి తూలి వెల్లకిలా పడ్డాడు. కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. ఒకావిడ నవ్వాపుకోలేక కళ్ళు తుడుచుకుంది. బాలయ్య కూడా లేచి, దుమ్ము దులుపుకుంటూ నవ్వాడు.

ఆదివారం ఆదివారం ఇదే వేడుకట.

"అండీ, ఈ తుపాకీ తన్నకుండా చేస్తాను, ఒక పూట ఇవ్వండి" అన్నాను.

"ఎందుకు? తన్నకపోతే ఏం మజా ఉంటది?" అన్నాడు ఆయన, నవ్వు ఇంకా పెదాల మీదే ఉండగా. "పాపమనుకుంటున్నవా? బాలయ్యకు నేను దవాఖానకు పైసలిస్త, పండగకు బట్టలు కుట్టిస్త. అడుగు కావాల్నంటే."

అడిగాను. కొట్టం వెనక్కి తీసుకుపోయి చొక్కా విప్పమన్నాను. భుజం నుంచి రొమ్ము దాకా నల్లగా కమిలి, అంచుల్లో పచ్చగా మారింది. పాత దెబ్బ మానకముందే కొత్తది పడుతోంది. కాళ్ళు ఎడంగా పెట్టు, ముందుకు వాలు, గొంగడి నాలుగు మడతలేసి భుజానికీ కుందాకీ మధ్య పెట్టు అని గబగబా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"గవన్ని నాకు ఎర్కే సారూ" అన్నాడు. "పోయిన్నెల పడకుండ పేల్చిన. ఎవ్వరు నవ్వలే. అయ్య మొకం సిన్నగైంది. మర్నాడు, కాపలాకు వేరే పడుసోన్ని సూస్త అన్నడు. పడితేనే నౌకరి ఉంటది."

తిరిగి కుర్చీల దగ్గరికి వచ్చి తుపాకీ చేతిలోకి తీసుకుని, మడిచి, గొట్టంలోకి చూసినట్టు నటించాను. జీవితంలో నేనాడిన అబద్ధాల్లో నాకు ఇష్టమైనది అదే.

"లోపల తూటాను కొట్టే సూది అరిగిందండీ. ఈసారి పేలిస్తే గొట్టం పగులుతుంది. పేల్చేవాడికి మాత్రమే కాదు, పక్కన కూర్చున్నవాళ్ళ కళ్ళలోకి కొడుతుంది."

కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వినాల్సింది! ఇందాక కళ్ళు తుడుచుకున్నావిడ లేచి లోపలికే పోయింది. బాలయ్య భుజం నల్లబడితే వేడుక, తమ కంటికి ముప్పంటే ఒక్కరి మొహంలో నెత్తురుచుక్క లేదు. మాణిక్యరావు "అయితే తీసెయ్యి, తీసెయ్యి" అన్నాడు. సూది ఊడదీసి నా జేబులో వేసుకున్నాను. బాలయ్యను పంపించేస్తాడేమోనని, తుపాకీ లేకపోతే కాపలాకు పాతమనిషే మేలని, కుక్కలు కూడా అతని మాట వింటాయని ఏవేవో కల్పించి చెప్పాను.

అది ఎంతోకాలం సాగలేదు. నెలా నెలన్నరకు కర్నూలు దుకాణంలో కొత్త సూది వేయించుకుపోయారని విన్నాను. బాలయ్య ఇంకా పడుతూనే ఉన్నాడో, ఏమయ్యాడో నాకు తెలియదు. కొండ మీద కోట ఎలా ఉందని ఇప్పటికీ ఎవరైనా అడిగితే, చూడలేదు అంటాను.

నాగర్‌కర్నూల్

నాలుగోనాడు నాగర్‌కర్నూల్‌లో దిగేటప్పటికి నా భుజం ఎత్తడానికి రావడం లేదు. బస్టాండు నిండా కచేరీ పనులకొచ్చిన రైతులు, కాగితాలు గొట్టంలా చుట్టి చంకలో పెట్టుకుని. హోటల్లో ఐదు రూపాయలకు భోజనం. మజ్జిగను సల్ల అంటారు, అడిగినన్నిసార్లు పోస్తారు. అక్కణ్ణుంచి ఆటోలో ఐదారు మైళ్ళు పోయి, మిగతాది నడిచాను.

మూడో తుపాకీ ఒక ఆడమనిషి పేరున ఉంది. సాయమ్మ. భర్త పోయాక అతని లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకుంది. అతని పాత తుపాకీ తుప్పుపట్టిపోతే మా దగ్గర ఇది కొంది. దుకాణంలో సేటు ఆమెతో, "మీలాంటోళ్ళ కోసమే చేయించినం" అనడం నేను నా బల్ల దగ్గర్నుంచి విన్నాను. అందుకే ఆమె దగ్గరికి చివర వెళ్ళాను. విరిగిన ఎముక, కమిలిన భుజం చూశాక ఇక్కడేం చూడాల్సొస్తుందోనని దారిపొడుగునా అనుకుంటూనే నడిచాను.

ఆమె కౌలుకు తీసుకున్న చేలో కలుపు తీస్తోంది. నలభై ఐదేళ్ళుంటాయి. రెండు చేతులూ చక్కగా ఆడుతున్నాయి. నేనెవరో చెప్తే పని ఆపలేదు. "ఆడ మంచె కింద ఉన్నది, సూడు పో" అంది.

చూశాను. గుర్తుపట్టలేకపోయాను. కుందా చుట్టూ అరిగిపోయిన నాగలికర్రు ముక్కలు రెండు పేర్చి, పచ్చి మేకతోలు చుట్టి కుట్టేసింది. తోలు ఎండి బిగిసి రాయిలా పట్టుకుంది. వెనక గొంగడి ముక్క మడతలు మడతలుగా పెట్టి, దాని మీదా తోలే. కోసేసిన రెండంగుళాలూ ఆ మడతల్లోనే తిరిగి వచ్చేశాయి. చూడటానికి ఘోరంగా ఉంది. చేత్తో ఎత్తితే మూడు కిలోల పైనే. భుజానికి పెట్టుకుంటే సరిగ్గా కూర్చుంది.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"ఇంకెవరు చేస్తరు?" సాయమ్మ గట్టు మీదికి వచ్చి చేతులు దులుపుకుంది. "మొదటిసారి పేల్చిననాడు దినమంత లేవలే. ఎవ్వరికి చెప్పలే. చెప్తే, ఆడిదానికి తుపాకెందుకు అంటరు, లైసెన్సు గుంజుకుంటరు. తర్వాత కట్టెను తట్టి సూస్తే గుల్ల సప్పుడొచ్చె. రోకలి సంగతి తెల్వదా? బరువు రోకలైతే దాని పని అదే చేసుకుంటది. అల్క రోకలైతే దెబ్బ దెబ్బకు చెయ్యి గుంజుతది. గిది గూడ గంతే అనుకున్న. బరువెక్కించిన."

"పేల్చి చూశారా?"

ఆమె తూటా పెట్టి, గుట్ట వైపు తిరిగి, ఎడమకాలు ముందుకేసి, బండి నెట్టేదానిలా ఒళ్ళు వాల్చి పేల్చింది. భుజం ఒక్కసారి వెనక్కి ఊగి మళ్ళీ ముందుకొచ్చింది. అడుగు కదల్లేదు. చేలో పిట్టలన్నీ లేచిపోయాయి. పదకొండేళ్ళు ఈ పనిలో ఉండి నేను ఇటిక్యాలలో ముక్కు పగలగొట్టుకుని నేర్చుకున్నది, ఈమె ఎవ్వర్నీ అడక్కుండా తేల్చుకుంది.

సంచిలోంచి సీసం కడ్డీ తీశాను. "ఆ తోలు విప్పేసి లోపల సీసం పోస్తాను, చూడ్డానికి బాగుంటుంది" అన్నాను.

"వద్దు" అంది. "నేను చేసింది నాకు తెల్సు. నువ్వు చేసేది నాకు తెల్వదు."

సీసం మళ్ళీ సంచిలో పెట్టేశాను. ఇటిక్యాల సంగతి, బాలయ్య సంగతి ఆమెకు చెప్పాను. చెప్పేకొద్దీ నాకు ఆవేశం పెరిగింది. సేటు ఎంత నీచుడో, ఆ కార్డు చదివి ఎలా నవ్వాడో, ఆ కాంట్రాక్టరు ఎలా తినిపించి నవ్వించాడో, గొంతు పెంచి చెప్పాను. సాయమ్మ నా మొహంలోకే చూస్తూ వింది. నేను ఆగాక అడిగింది.

"కట్టెను గుల్ల చేస్తప్పుడు, తంతదని నీకు తెల్వదా?"

సేటు చెప్పాడని లచ్చమ్మకు చెప్పినట్టు ఈమెకూ చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అడిగింది అది కాదు. తేలిక తుపాకీ తంతుందని మా పనిలో మొదటి నెలలోనే తెలుస్తుంది. ఒక్కొక్క కుందా తొలవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ నాకు తెలుసు. ఉలి దించిన ప్రతిసారీ తెలుసు. పొట్టు ఊదేసి, మళ్ళీ ఉలి దించాను.

"తెలుసు" అన్నాను.

ఆమె తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు. తుపాకీ మంచె కింద పెట్టి, కొంగు బిగించుకుని సాలులోకి దిగి ఆపిన చోటు నుంచి కలుపు తీయడం మొదలుపెట్టింది. నేను గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. చివరికి నా అంతట నేనే వచ్చేశాను.

కర్నూలు

తిరిగొచ్చి సేటుతో గుల్ల పని ఇక చేయనని చెప్పాను. ఇంకో రెండు తుపాకులు అప్పటికే బల్ల మీద పెట్టి ఉన్నాయి. ఆయన అరవలేదు కూడా. "నీ ఇష్టం" అన్నాడు, అంతే. నా పనిముట్లు నేను సర్దుకున్నాను. ఇప్పుడు తలుపులు, కిటికీలు చేస్తున్నాను. హన్మంతు ఎముక అతికింది గానీ చెయ్యి తలపైకి లేవదట. కట్టిన తలపాగా తనంతట తాను సర్దుకోలేడని లచ్చమ్మ రాయించింది.

వారం తిరక్కుండా సేటు ఇంకో వడ్రంగిని పెట్టుకున్నాడు. పాతబస్తీలో ఉంటాడు, పాతికేళ్ళ వాడు, చెయ్యి మంచిదని విన్నాను. ఆదివారం పూట వెతుక్కుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, భార్య చేత టీ పెట్టించి, మర్యాదగా ఎదురుగా నిలబడ్డాడు. నాలుగు రోజుల సంగతీ ఒక్కటి దాచకుండా చెప్పాను. హన్మంతు ఎముక, బాలయ్య రొమ్ము, నా ముక్కు. తేలిక తుపాకీ మనిషిని ఏం చేస్తుందో చేతులతో చూపించి మరీ చెప్పాను.

అంతా అయ్యాక ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకున్నాడు.

"నాకు తెలీదా అన్నా" అన్నాడు.